ప్లాస్టిక్‌ కన్నా ముందు పుట్టిన ప్లాస్టిక్‌!

కాలిన గాయాలతో ఉన్నవారికి ప్లాస్టిక్‌ సర్జరీ చేయాలని డాక్టర్లు చెబితే ఇంట్లోవాళ్లకు గుండె గుభేలుమంటుంది. ‘ఒంట్లో ప్లాస్టిక్‌ పెడతారా? అది అతుక్కుంటుందా? ఎండకు కరిగిపోదూ?’ అని ఎన్నో అనుమానాలు. ఇంకొందరి దృష్టిలో అది సినిమా తారల సోకు. ఈ భయాలకు మూలం ఒక్క మాటను అపార్థం చేసుకోవడమే. బకెట్‌లోని ప్లాస్టిక్‌కీ సర్జరీలోని ప్లాస్టిక్‌కీ చుట్టరికం ఉంది. కానీ ఒకటి ఇంకోదాని బిడ్డ కాదు. రెండూ ఒక తల్లి పిల్లలు.

ఆ తల్లి గ్రీకు భాషలోని ‘ప్లాసైన్‌’. మెత్తటిదాన్ని పిసికి, ఒత్తి, రూపం ఇవ్వడం అని అర్థం. దాన్నుంచి వచ్చిన ‘ప్లాస్టికోస్‌’ లాటిన్‌ మీదుగా 17వ శతాబ్దంలో ఇంగ్లిషులో ప్లాస్టిక్‌ అయింది. అప్పట్లో అది వస్తువు పేరు కాదు, గుణం పేరు. రబ్బరుబ్యాండ్‌ను సాగదీసి వదిలితే మళ్లీ మొదటికొస్తుంది. అది ఎలాస్టిక్‌. అదే తడిమట్టి ముద్దను నొక్కి వదిలితే, నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది. అది ప్లాస్టిక్‌. ఆ లెక్కన కుమ్మరి సారె మీద తిరిగే మట్టిముద్దే అసలు సిసలు ప్లాస్టిక్‌. శిల్పంలాంటి కళల్ని ‘ప్లాస్టిక్‌ ఆర్ట్స్‌’ అనేది అందుకే.

సర్జరీకి ఆ పేరు వచ్చిందీ ఇలాగే. పాడైన అవయవానికి తిరిగి రూపం ఇవ్వడం కాబట్టి ప్లాస్టిక్‌ సర్జరీ. జర్మనీకి చెందిన ఎడ్వర్డ్‌ జీస్‌ ఈ పేరుతో పుస్తకం రాసింది 1838లో. ఇప్పుడు మనం వాడే ప్లాస్టిక్‌లు అప్పటికింకా పుట్టనేలేదు!

పేరు యూరప్‌దే అయినా పని మాత్రం మనకు ఎప్పటినుంచో తెలుసు. తెగిన ముక్కును చర్మంతో తిరిగి చేసే పద్ధతి సుశ్రుత సంహితలోనే ఉంది. 1794లో లండన్‌లోని ‘జెంటిల్‌మన్స్‌ మేగజీన్‌’ ఒక వింత సంగతి ప్రచురించింది. ఇంగ్లిషు సైన్యంలో ఎద్దుల్ని తోలే కావస్జీ అనే మరాఠా, 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్‌కు బందీగా చిక్కి ముక్కూ ఒక చెయ్యీ పోగొట్టుకున్నాడు. అతడికి పుణె దగ్గర ఒక వైద్యుడు కొత్త ముక్కు చేశాడు. ముందు పల్చటి మైనపు రేకును ముక్కులా మలిచి సరిచూశాడు. దాన్ని విప్పి, చదును చేసి నుదుటి మీద పరిచి, ఆ కొలతకు చర్మం కోసి కిందికి తిప్పి అతికించాడు. ఆ వైద్యుడు ఇటుకలు చేసే కులంవాడని ఆ పత్రిక రాసింది. మట్టికి రూపమిచ్చే ఇంటివాడే మనిషి ముఖానికీ రూపమిచ్చాడన్నమాట. ప్లాస్టిక్‌ అనే మాటకు ఇంతకన్నా చక్కటి ఉదాహరణ దొరకదు. ఈ పద్ధతిని సాధన చేసిన జోసెఫ్‌ కార్ప్యూ 1814లో ఇంగ్లండ్‌లో ఆపరేషన్‌ చేశాడు. అక్కడినుంచి అది యూరప్‌ అంతా పాకింది.

ఇప్పుడూ అంతే. కాలినచోట అతికేది సాధారణంగా ఆ మనిషి తొడ నుంచో మరోచోటి నుంచో తీసిన చర్మమే. గ్రహణం మొర్రి సరిచేసేదీ ఆ బిడ్డ పెదవితోనే. కొన్ని ఆపరేషన్లలో సిలికాన్‌లాంటివి అమర్చే మాట నిజమే. కానీ పేరు వచ్చింది దానివల్ల కాదు.

ఈ తల్లికి ఇంకా చాలామంది పిల్లలున్నారు. గోడకు పూసే ప్లాస్టరు, గాయానికి అంటించే ప్లాస్టరు, రక్తంలోని ప్లాస్మా... అన్నిటిదీ ఆ ఇంటిపేరే. ఆకుకు పచ్చదనాన్నిచ్చే క్లోరోప్లాస్ట్‌ కూడా ఆ కుటుంబమే. అంటే ప్రతి చెట్టు ఆకులోనూ ‘ప్లాస్ట్‌’ ఉంది!

మరి బకెట్‌ సంగతి? 1907లో లియో బేక్‌లాండ్‌ అనే శాస్త్రవేత్త అమెరికాలో బేకలైట్‌ తయారుచేశాడు. పాత ఇళ్లలోని నల్లటి స్విచ్చులు గుర్తున్నాయిగా, అదే. వేడిచేసి అచ్చులో ఒత్తితే ఏ ఆకారమైనా వచ్చే ఇలాంటి పదార్థాలకు ప్లాస్టిక్‌ అనే పేరు స్థిరపడింది. గుణం పేరు కాస్తా వస్తువు పేరైపోయింది. తమాషా ఏమిటంటే, బేకలైట్‌ ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. పేరేమో ‘వంగేది’, తీరేమో మొండి. ఏళ్లు గడిచినా మట్టిలో కలవని సంచులు వచ్చాక ఆ మొండితనమే మిగిలింది. రూపమిచ్చే మాట, ‘ప్లాస్టిక్‌ నవ్వు’ దగ్గరికొచ్చేసరికి కృత్రిమానికి మారుపేరైంది.

పాత అర్థం మాత్రం చావలేదు. అలవాట్లను బట్టి మెదడు మారుతుందని చెప్పడానికి విలియం జేమ్స్‌ 1890లోనే ఈ మాట వాడాడు. ‘బ్రెయిన్‌ ప్లాస్టిసిటీ’ అంటే అదే. పక్షవాతంతో పడిపోయిన చెయ్యి, పట్టువదలని వ్యాయామంతో మళ్లీ కొంతైనా కదలడానికి మెదడుకున్న ఈ గుణమే ఆధారం. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. చిన్నతనంలో వంగినంత సులువుగా కాకపోయినా, మానయ్యాక కూడా మెదడు వంగుతుంది. ఎందుకంటే అది ప్లాస్టిక్‌!