మగ్గము ప్రక్క మనిషి



పెండ్లిండ్ల కాలములో చీరాల, మంగళగిరి చీరలు మన ఇండ్లకు వచ్చుచుండును. చేతిలోనికి తీసుకొని "నేత బాగున్నది" అందుము. దాని వెనుక ఎన్ని చేతులు పనిచేసినవని అడుగము. ఈ నెల ఆ చేతులను గూర్చి వ్రాయదలచినాము.

చీరాల కుప్పడము చీరనే చూడండి. (చీరాల 2022లో బాపట్ల జిల్లాలో చేరినది గాని, మాకు అలవాటు పోక ఇంకను ప్రకాశము జిల్లా అనియే నోట వచ్చును.) ఈ చీర అంచు ఒక రంగు, ఒళ్ళు మరియొక రంగు. రెండు రంగుల పేక దారములును అంచు దగ్గర ఒకదానినొకటి పెనవేసుకొని వెనుకకు మరలవలెను. అందుకు మూడు నాడెలు కావలెను. నేతగానికి ఉన్నవి రెండు చేతులే గదా! కాబట్టి ప్రక్కన మరియొకరు కూర్చుండి ఆ వైపు నాడె అందించవలెను. ఆ మనిషి చాలా ఇండ్లలో భార్య. ఒకప్పుడు బడి మానిన బిడ్డ.

నాడె ఆడక ముందు జరుగు పని ఇంకను పెద్దది. నూలు చిలపలను రాట్నము మీద తోడి కండెలు చుట్టవలెను. పడుగు పోయవలెను. తెల్లవారుజామున దానిని వీధి పొడవునా సాగదీసి గంజి పెట్టవలెను. వాన పడినదా, ఆ రోజు పని పోయినట్లే. పాత పడుగు కొసలకు క్రొత్త పడుగు కొసలను ఒక్కొక్క పోగుగా అతకవలెను. కళ్ళు బాగున్నంత కాలమే ఆ పని. ముసలి తల్లి కండెలు చుట్టును, కోడలు గంజి కాచును, మగ్గము గుంటలో కూర్చున్నవాడు నేయును.

మజూరి మాత్రము చీర లెక్కన వచ్చును. నూలు ఇచ్చిన షావుకారు నేసినవాని చేతిలో డబ్బు పెట్టును. తల్లి కండెలు, భార్య గంజి అన్నియు అందులోనే కలిసిపోవును. "మీ ఇంటామె ఏమి చేయును?" అని అడిగితే "ఇంట్లోనే ఉంటుందండీ" అని జవాబు. ఆ మాటలో ఆమె పని అంతయు మాయమగుచున్నది.

2019-20 చేనేత గణనలో దేశమంతట 35 లక్షలకు పైగా పనివారిని లెక్కించిరి. వారిలో సుమారు 8 లక్షల 48 వేల మంది అనుబంధ పనివారు, అనగా కండెలు, పడుగు, రంగు వంటి పనులు చేయువారు. మొత్తము మీద నూటికి డెబ్బది మందికి పైగా స్త్రీలే. మన రాష్ట్రములో 2019 డిసెంబరులో నేత కుటుంబమునకు ఏటా 24,000 రూపాయలు ఇచ్చు పథకము మొదలైనప్పుడు, అది సొంత మగ్గము ఉన్న ఇంటికే వర్తించినది. షెడ్డులో ఇతరుల మగ్గము మీద కూలికి నేయువారికే అందలేదు, ఇక కండెలు చుట్టువారి మాట చెప్పనేల.

ఒకప్పుడు చీరాల నుండి అరబ్బు దేశములకు పోయిన తేలియా రుమాళ్ళకు నూలును ముడులు కట్టి రంగులో ముంచెడివారు. జపానులో ఆ విద్యను కసూరి అందురు. అక్కడి కురుమె పట్టణములో ఇనోయె డెన్ (1788-1869) అను ఆమె చిన్నతనములోనే, వెలిసిన పాత గుడ్డ మీది తెల్ల మచ్చలను చూచి, పోగులు విప్పి ఆ కిటుకు గ్రహించెనని చెప్పుకొందురు. ఊరు ఆమె పేరు మరువలేదు. అక్కడ నేత నేర్వవచ్చినవారు గురువు చేతి క్రింద దారము చుట్టి, ముడులు కట్టి, రంగు కుండలు చూచుకొందురు. ఏండ్లు పట్టినను అది మగ్గమునకు దారి. మన ఇండ్లలో కండెలు చుట్టు స్త్రీకి అదే మొదలు, అదే చివర.

నిర్గమకాండములో బెసలేలుతో పాటు అతని సహాయకుడైన అహోలీయాబు పేరు, తండ్రి పేరు, గోత్రము కూడా వ్రాయబడినవి. నూలు వడికి తెచ్చిన స్త్రీల ప్రస్తావన ఉన్నది గాని పేర్లు లేవు. ఇది మనము గమనింపవలెను.

తెలంగాణలో ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి తల్లి ఆసు పోసెడిది. ఒక్క చీరకు చేయి తొమ్మిది వేల సార్లు ఆడవలెను. ఆమె భుజము నొప్పి చూడలేక ఆయన 1999లో యంత్రము చేసి, తల్లి పేరున లక్ష్మీ ఆసు యంత్రము అని పిలిచిరి. 2017లో పద్మశ్రీ వచ్చినది.

కుప్పడము మగ్గము ప్రక్క చోటు మాత్రము అట్లే ఉన్నది. పిల్లలు బడికి పోవుచున్నారు, సంతోషమే. పొయ్యి మీద అన్నము పెట్టి వచ్చి నాడె అందించునది ఇప్పుడు తల్లి. మన సంఘములలోని నేత కుటుంబములకు మా విన్నపము ఒక్కటే. మజూరి లెక్క వ్రాయు పుస్తకములో ఆయన పేరు ప్రక్కన ఆమె పేరు కూడ వ్రాయించండి. డబ్బు తెచ్చుకొను రోజున ఆమెనే పంపండి.