ఒక్క ఆటతో ముగిసే సీజన్ మన పిల్లలకొద్దు

సంపాదకుల వారికి,

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల డిగ్రీ కాలేజీల ఫుట్‌బాల్ గురించి మీ క్రీడల పేజీలో ఏటా రెండు చిన్న వార్తలు వస్తాయి. ఫలానా మైదానంలో అంతర్ కళాశాలల పోటీలు మొదలయ్యాయని ఒకరోజు, ఫలానా కాలేజీ గెలిచిందని రెండు మూడు రోజులకు. ఆ మధ్యలో ఏమీ ఉండదు. తప్పు మీ విలేకరులది కాదు, రాయడానికి నిజంగానే అంతకు మించి ఏమీ జరగదు. ఈ పోటీలు నాకౌట్ పద్ధతిలో సాగినంత కాలం మన జట్లకు సీజన్ అనేదే ఉండదు. వీటిని లీగ్‌గా మార్చాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ఈ ప్రాంతంలోనే ఒక కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా సీజన్ ఎలా ఉండేదో చెబుతాను. ఆగస్టులో పిల్లల్ని ఎంపిక చేసుకునేవాళ్లం. తెల్లారి ఆరింటికి ప్రాక్టీసు. వాన పడితే నల్లరేగడి బూటుకు అట్టకట్టి కాలు లేవనివ్వదు. స్టడ్స్ మధ్య మట్టిని కంపపుల్లతో గీక్కుని మళ్లీ దిగేవాళ్లు. వాన ముఖం చాటేస్తే అదే నేల నెర్రెలిస్తుంది, అందులో కాలు పడితే చీలమండ బెణికినట్టే. అలా నెలల తరబడి కష్టపడ్డాక ఒకరోజు చీకటితో బస్సెక్కి పోటీకి వెళ్తాం. డ్రాలో ఎవరొస్తే వాళ్లతో అరగంట చొప్పున రెండు హాఫ్‌లు. ఒక్క గోల్ తేడాతో ఓడామా, మధ్యాహ్నం భోజనం వేళకు జట్టు మళ్లీ బస్టాండులో ఉంటుంది. జెర్సీలు ఉతికి స్టోర్‌రూముకు అప్పజెప్పాలి. మళ్లీ ఏడాదికి గానీ ఆట లేదు. డిగ్రీ మూడేళ్లలో మూడే మూడు మ్యాచ్‌లు ఆడి బయటికి వెళ్లిన పిల్లలు నాకు తెలుసు. రిజర్వులో కూర్చున్నవాళ్లకు ఆ మూడు కూడా లేవు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఎంపికల తీరు. ఈ పోటీల్లో కనబడిన ఆటను బట్టే యూనివర్సిటీ జట్టును తీస్తారు. ఆ జట్టు దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలకు వెళ్తుంది. అక్కడ ఆడిన సర్టిఫికెట్టు స్పోర్ట్స్ కోటా ఉద్యోగానికి అక్కరకొస్తుంది. అంటే ఒక పిల్లవాడి బతుకుతెరువు ఆ గంట ఆట మీద ఆధారపడి ఉంది. ఆ రోజు జ్వరం వచ్చిందనుకోండి, బలమైన జట్టు తొలి రౌండులోనే ఎదురైందనుకోండి, వాడి ఆట ఎవరి కంటా పడకుండానే పోతుంది.

పోటీలు పెట్టే కాలం కూడా మనకు కలిసిరాదు. అవి అక్టోబరు, నవంబరుల్లోకి జరిగితే పత్తి మొదటి తీతతో ఢీకొంటాయి. కూలీలు దొరకని రోజుల్లో చదువుకునే కొడుకు కూడా చేలో ఉండాల్సిందే. ఆ తండ్రిని తప్పుపట్టలేం, అప్పటికే పెట్టుబడి అంతా చేలో పోసి ఉన్నాడు. జనవరి దాటితే మిరప కోతలు. మా గోల్‌కీపర్ ఒకడు కళ్లంలో కాయలు ఆరబోసి నేరుగా గ్రౌండుకు వచ్చేవాడు. ఎన్నిసార్లు సబ్బుతో కడిగినా చేతుల ఘాటు పోయేది కాదు. ఆడుతూ నుదుటి చెమట తుడుచుకుంటే కళ్లు భగ్గుమనేవి. పిల్లలంతా వాడి ముఖం మీద నీళ్లు కొట్టేవాళ్లు, రెండు నిమిషాలు ఆగి మళ్లీ గోల్‌లో నిలబడేవాడు. అంత పట్టుదల ఉన్న కుర్రవాడికి ఏడాదికొక ఆట చాలని ఎవరు నిర్ణయించారు?

అందుకే నేను చెప్పే లీగ్ ఆగస్టులో మొదలై అక్టోబరు తొలివారంలో, పత్తి మొదటి తీతకు ముందే అయిపోవాలి. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చిలకలూరిపేట, బాపట్ల, చీరాల. ఈ ఆరు ఊళ్ల నుంచి ఒక్కో జట్టు చొప్పున ఒక గ్రూపు అనుకోండి. శనివారం మధ్యాహ్నాలు ఆడితే ఒక్కో జట్టుకు ఐదు ఆటలు ఖాయం. ఒంగోలు, అద్దంకి, మార్కాపురం వైపు కాలేజీలకు ఇలాంటిదే మరో గ్రూపు. ప్రకాశం కాలేజీలు నాగార్జున యూనివర్సిటీ నుంచి ఆంధ్రకేసరి యూనివర్సిటీ కిందికి మారాయి కాబట్టి ఆ గ్రూపును వాళ్లు నడుపుకుంటారు. రెండు గ్రూపుల విజేతల మధ్య ఒక ఆట పెట్టుకోవడానికి ఏ నిబంధనా అడ్డు రాదనుకుంటాను. యూనివర్సిటీ ఎంపికలు ఈ లీగ్ చూశాకే జరగాలి.

వానాకాలంలో ఆటేమిటని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు మన నేలలోనే ఉంది. బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలలు. ఎంత వాన కురిసినా నీరు ఇంకిపోతుంది, సాయంత్రానికి ఆడుకోవచ్చు. నరసరావుపేట, చిలకలూరిపేట వైపు రేగడి అయితే రెండు రోజులు ఎండితే గానీ అడుగు పెట్టనివ్వదు. వర్షాలు ముమ్మరంగా ఉన్న వారాల్లో ఆటలు సముద్రం వైపు పెట్టి, తెరిపిచ్చాక రేగడి వైపు తేవాలి. అంతగా కావాలంటే మైదానంలో గ్రావెల్ పరిచి, నీరు పోయేలా చుట్టూ కాలువ తీయొచ్చు. అదేం పెద్ద ఇంజనీరింగ్ పని కాదు.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. నాకౌట్‌లో జట్టు రెండు మూడు రోజులు బయట ఊళ్లో బస చేయాలి, క్లాసులు పోతాయి. గుంటూరు నుంచి తెనాలి పాతిక కిలోమీటర్లు, చిలకలూరిపేట సుమారు నలభై, బాపట్ల యాభై. బాపట్ల నుంచి చీరాల మరీ దగ్గర. మధ్యాహ్నం బస్సెక్కి ఆడి, రాత్రికి ఇల్లు చేరొచ్చు, లాడ్జి అక్కర్లేదు. క్రీడల పేరుతో ఫీజు విద్యార్థుల దగ్గర ఎలాగూ వసూలు చేస్తున్నారు. దాన్ని ఆటకు ఖర్చుపెడితే చాలావరకు సరిపోతుంది. మిగతాది దాతలిస్తారు. సంక్రాంతికి, తిరునాళ్లకు ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలకు లక్షల బహుమతులిచ్చే ఊళ్లు మనవి. రాత్రంతా నిలబడి చూసే జనమూ మనవాళ్లే. సొంత ఊరి కాలేజీ సొంత మైదానంలో ఆడుతుంటే చూడ్డానికి వస్తారా రారా? ఇప్పుడు చూద్దామన్నా వాళ్ల ఊళ్లో ఆట లేదు.

అసలు కష్టం మరొకటుంది. చాలా ఎయిడెడ్ కాలేజీల్లో ఫిజికల్ డైరెక్టర్ (పీడీ) రిటైరైతే ఆ కుర్చీ ఖాళీగానే ఉండిపోతోంది. పీడీ లేని కాలేజీలో జట్టే ఉండదు, ఇక లీగ్ ఎక్కడిది? ముందు ఆ పోస్టులు నింపాలి. ఈ మాట మీ సంపాదకీయంలో ఒకసారి రాయండి.

ఆట మన నీళ్లలో లేదనేవాళ్లు మిజోరం వైపు చూడాలి. 2011 లెక్కల్లో ఆ రాష్ట్రం మొత్తం జనాభా పదకొండు లక్షల లోపే. అప్పటి గుంటూరు జిల్లా ఒక్కటే 48 లక్షలు దాటింది. 2012లో వాళ్లు సొంతంగా లీగ్ పెట్టుకుని లోకల్ టీవీలో చూపించారు. 2014లో రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీ గెలిచారు. 2017లో ఐజ్వాల్ క్లబ్బు కోల్‌కతా పెద్ద జట్లను దాటి జాతీయ స్థాయి ఐ-లీగ్ విజేత అయింది. మన తెలుగు నేల మీద కూడా ఇది జరిగిందే. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు తెచ్చిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనల్ని నాలుగో స్థానంలో నిలబెట్టారు. ఆయన డ్రిబ్లింగ్ చేయకూడదని ఒక పోటీ, అలవాటు లేని కాలితోనే తన్నాలని ఒక పోటీ పెట్టేవారు. పిల్లలు పదేపదే ఆడాలి, అందుకు ఏదో ఒక పోటీ ఉండాలి, ఇదే ఆయన పద్ధతి. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిందంటే ఆ జంటనగరాల మైదానాల చలవే. కోస్తాలో మనం అలాంటిది కట్టుకోలేదు. అమెరికాలో చదివే మన పిల్లలు అక్కడి కాలేజీ ఫుట్‌బాల్ ముచ్చట్లు చెబుతుంటారు. ఆ ఆట వేరు, ఆ డబ్బు వేరు. కానీ అక్కడి పెద్ద జట్లకు సీజన్‌లో మామూలుగా పన్నెండు మ్యాచ్‌లుంటాయి, ఈ వారం ఓడినా వచ్చే శనివారం ఆట ఉంటుంది. మన పిల్లలకు పన్నెండు వద్దు, ఐదు చాలు.

రెండు యూనివర్సిటీల క్రీడా విభాగాలు, కాలేజీల ప్రిన్సిపాళ్లు విద్యాసంవత్సరం మొదట్లో క్యాలెండర్ వేసుకునేటప్పుడే ఈ శనివారాలను ఫుట్‌బాల్‌కు కేటాయించాలని కోరుతున్నాను. మీ పత్రికనూ ఒకటి అడుగుతున్నాను. లీగ్ మొదలైన ఏడాది ప్రతి ఆదివారం జిల్లా పేజీలో ఆరు జట్ల పాయింట్ల పట్టిక, గోల్స్ కొట్టిన పిల్లల పేర్లు వేయండి.

ఇట్లు,
రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్,
చిలకలూరిపేట