హార్డ్ వర్కర్ అనే సర్టిఫికెట్

ఈ వారం ఒక్క మాట గురించే. హార్డ్ వర్కర్.

మన పిల్లలకి ఎవరైనా రికమెండేషన్ లెటర్ రాస్తే అందులో ఈ మాట ఉండి తీరుతుంది. సిన్సియర్, ఒబీడియంట్, హార్డ్ వర్కింగ్. పక్క కుర్రాడి లెటర్లో బ్రిలియంట్ అనో, ఒరిజినల్ థింకర్ అనో ఉంటుంది. రెండూ పొగడ్తలే కదా అంటారు కొందరు. ఒకటి బుర్రకిచ్చిన సర్టిఫికెట్, ఇంకోటి ఒంటికిచ్చింది. నా పీహెచ్‌డీ అప్లికేషన్ అప్పుడు, నేనేం కనిపెట్టానో అది రాయండి సార్ అని అడిగాను. రెండు వారాలు తిప్పి రాశాడు. హార్డ్ వర్కింగ్ మాత్రం పోలేదు, మూడో లైనులోకి జరిగింది.

మాట ఇంగ్లీషుదే గానీ గొంతు పాతదే. "మా పాలేరు గొడ్డులా పనిచేస్తాడండీ" అని అరుగు మీద కూర్చుని మెచ్చుకున్న కామందు గొంతు. గొడ్డు అన్నాడు, గమనించండి. మెచ్చుకున్నందుకు కొలిచే గింజలేమీ పెరగలేదు. వెట్టిచాకిరీని 1976 చట్టం రద్దు చేసింది. ఈ మెచ్చుకోలు ఇంకా నడుస్తోంది.

కులం పనిని విభజించడంతో ఆగలేదు, పనిచేసేవాళ్లనే మెట్లు మెట్లుగా విభజించిందని బాబాసాహెబ్ 1936లోనే తేల్చాడు. ఆయన్ని కూడా వీళ్లు వదల్లేదు. ఎంత కష్టపడి చదివాడో పాపం అంటారు. కొలంబియాలో, లండన్‌లో డాక్టరేట్లు చేసిన ఆర్థికవేత్త అని గుర్తు చేసేవాళ్లు ఎందరు? రూపాయి సమస్య మీద 1923లో అచ్చేసిన పుస్తకంలో ఆయన కీన్స్‌తో ఎక్కడ విభేదించాడో ఏ జయంతి సభలో విన్నారు? కష్టం గురించి మాట్లాడితే ఆలోచనతో తలపడే పని తప్పుతుంది. అదీ సౌకర్యం.

2019 ఫిబ్రవరిలో కుంభమేళాలో ప్రధాని సఫాయి కార్మికుల కాళ్లు కడిగాడు. మరుసటి ఏడాది కరోనాలో వాళ్లకే వారియర్ అని పేరు పెట్టారు. సెప్టిక్ ట్యాంకుల్లోకి రక్షణ లేకుండా మనిషిని దింపకూడదని 2013 నుంచీ చట్టం ఉంది. అయినా దింపుతూనే ఉన్నారు, చస్తూనే ఉన్నారు. 2023లో సుప్రీంకోర్టు పరిహారాన్ని 30 లక్షలకు పెంచాల్సి వచ్చిందంటే అర్థం చేసుకోండి. బెజవాడ విల్సన్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నది బిరుదులు కాదు, ఆ చావులు ఆపమని.

"అయితే కష్టపడటం తప్పా అన్నా?" అని ఒక తమ్ముడు అడిగాడు. తప్పెందుకవుతుంది! కార్పొరేట్ కాలేజీలో పొద్దున్నుంచి అర్ధరాత్రి దాకా రుబ్బించి ర్యాంకు తెప్పిస్తే దాన్ని ప్రతిభ అంటారు. హాస్టల్లో పురుగులన్నం తింటూ నువ్వు అన్ని గంటలే చదివి సీటు తెచ్చుకుంటే నువ్వు హార్డ్ వర్కర్‌వి, పైగా కోటా. పరీక్ష మార్కులే మెరిట్ కాదని 2022 జనవరిలో నీట్ కేసులో సుప్రీంకోర్టే చెప్పింది. ఆ తీర్పు తెచ్చుకుని చదువు తమ్ముడూ, వైవాలో పనికొస్తుంది.

వచ్చే వారం 'ఒబీడియంట్' సంగతి చూద్దాం.

జై భీమ్.