పాత పాటకు కొత్త స్నానము

మా గ్రంథాలయములో కిటికీ ప్రక్కనున్న బీరువా అడుగు అరలో గ్రామఫోను రికార్డులు కొన్ని కలవు. సగము ఉర్దూవి, సగము తెలుగువి. ఈ సంవత్సరము పుస్తకములకు చోటు చాలక, “ఈ పాటలన్నియు శుభ్రపరచబడి చేతిలోని ఫోనులోనే వినవచ్చుచుండగా ఈ నల్లని బిళ్లలు ఎందుకు?” అను ప్రశ్న పుట్టినది. కళాశాల సంఘము వారు ఇంకను నిర్ణయము చేయలేదు. చేయకముందే మా మాట విన్నవించుకొనుచున్నాము.

ఒక శనివారము సాయంకాలము మేము పదిమందిమి కూర్చుండి ‘మాయాబజార్’, ‘మొఘల్-ఎ-ఆజమ్’ పాటలను ముందు రికార్డు మీదను, వెంటనే శుద్ధి చేసిన ప్రతిలోను విన్నాము. మాయాబజార్ 1957 నాటి చిత్రము. దర్శకులు కె.వి. రెడ్డిగారు మన తాడిపత్రిలో జన్మించినవారు గనుక ఆ చిత్రముపై మన జిల్లావారికి కొంత పక్షపాతము తప్పదు. 2010లో దానికి రంగులద్ది, ధ్వనిని డి.టి.ఎస్. పద్ధతికి మార్చి మరల విడుదల చేసినారు. 1960 నాటి మొఘల్-ఎ-ఆజమ్‌కు 2004లోనే ఆ భాగ్యము పట్టినది. నౌషాద్ సాహెబ్ అప్పటికి జీవించియుండిరి. పాత గాత్రములను అట్లే ఉంచి, వాద్యములను మరల వాయింపజేసినారు.

అభిప్రాయములు కలియలేదు. ఘంటసాల, లీల పాడిన పడవ పాట వెనుక ఇన్ని వాద్యములున్నవని తమకు ఇప్పుడే తెలిసినదని మొదటి సంవత్సరపు విద్యార్థులు సంతోషించినారు. వారి సంతోషము న్యాయమైనదే. గొంతునకు మెరుగు పెట్టినట్లున్నది గాని మనిషి దూరమైనాడని మరి కొందరన్నారు. మాలో పెద్దలైన ఒక అధ్యాపకులు పాతదే మధురమని పట్టుబట్టినారు. అయితే ఆయన విన్నది ఆ రికార్డునో, చిన్ననాడు పెండ్లి పందిరి వద్ద వేపచెట్టుకు కట్టిన మైకు హారన్‌నో మాకు కొంత అనుమానమే. జ్ఞాపకము కూడ చెవులకు ఒక విధమైన మెరుగు పెట్టును.

కాని జ్ఞాపకముతో సంబంధము లేని విషయమొకటి కలదు. పాత చిత్రములలో శబ్దమును ఫిల్ము అంచున సన్నని చారగా ముద్రించెడివారు. ఆ చారపై పడిన ప్రతి గీత, ప్రతి ధూళికణము పాటలో చిటపటగా వినిపించును. రికార్డు గాడిలో చేరిన మన ఎర్రమట్టి చేయు పనియు అదియే. దీనిని తొలగించు యంత్రమునకు తెలుగు రాదు, ఉర్దూ రాదు. మన శ, ష, సలు, ఉర్దూలోని సీన్, షీన్, ఖేలు గాలి రాపిడితో పుట్టు ధ్వనులు. రొదయు ఇంచుమించు అట్టిదే. కత్తెర మోటుగా పడినచో రొదతో పాటు అక్షరపు అంచు, గాయకుని ఊపిరి కూడ తెగిపోవును. మేము విన్న ఒక ప్రతిలో ఖే అక్షరము కే అయి కూర్చున్నది. ఉర్దూ శాఖ మిత్రులు నవ్వలేదు.

అద్దాల మహలులో అనార్కలి పాడు పాటకు ప్రతిధ్వని కావలసి, నౌషాద్ లతా మంగేష్కర్ చేత స్టూడియో స్నానాల గదిలో పాడించినారని ప్రసిద్ధి. ఆ ప్రతిధ్వనిని దోషమని కడిగివేసినచో ఇక మిగులునదేమి? చెరువులో పూడిక తీయవలసినదే. కాని క్రిందనున్న జిగట మన్ను వరకు త్రవ్వినచో నీరు నిలువదని మన పల్లెలలో ఎవరిని అడిగినను చెప్పుదురు.

ఈ వివాదము మనకే పరిమితము కాదు. 2008లో అమెరికా రాక్ బృందము మెటాలికా ‘డెత్ మాగ్నెటిక్’ అను ఆల్బమును వెలువరించినపుడు, మెల్లని చోటును బిగ్గరి చోటును ఒకే ఎత్తునకు లేపి చెవులు బ్రద్దలు చేసినారని అభిమానులే వేల సంఖ్యలో సంతకములు చేసినారు. మరుసటి ఏడు బీటిల్స్ పాటలను శుద్ధి చేసినవారు మాత్రము స్టీరియో ప్రతిని, మోనో ప్రతిని రెండింటిని విడివిడిగా అమ్మకమునకు పెట్టినారు. వినువాడు తనకు నచ్చినది ఎన్నుకొనవచ్చును. మేము కోరునది ఈ మర్యాదనే. శుద్ధి చేయువారిపై మాకు ద్వేషము లేదు. వారు లేనిచో మాయాబజార్‌ను ఈనాటి పిల్లలు థియేటరులో చూచియుండరు. కాని మార్చిన ప్రతి మాత్రమే మిగిలిననాడు, ఏమి మార్చినారో తేల్చుటకు ఆధారముండదు.

కావున సంఘము వారికి మా విన్నపము: ఆ అరను ఖాళీ చేయవలదు. రికార్డులను ఒకదానిపై నొకటి పేర్చక నిలువుగా నిలిపి, కిటికీ వైపునుండి లోపలి గోడకు మార్చవలెను. మన వేసవికి అవి అక్కడ వంకరపోవుట నిశ్చయము. ప్రతి రికార్డును, రొద తీయకుండ, చిటపటతో సహా ఒకసారి కంప్యూటరులో భద్రపరచవలెను. ఆ పనికి సెలవు దినములలో రాగలమని ఇరు శాఖల విద్యార్థులు పేర్లిచ్చియున్నారు. ముందుగా మాత్రము గ్రామఫోనుకు కొత్త ముల్లు కావలెను. ఇప్పుడున్నది అరిగినది, అరిగిన ముల్లు తిరిగిన ప్రతిసారియు గాడిని కొంత చెరుపును. ఆ శనివారము తరువాత ఆ సంగతి తెలిసి, మేము మరల ఒక్క రికార్డును పెట్టలేదు.