చదవడం రాని టీచరు



మీ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచర్ని నేను. బీఈడీ అయినప్పటి నుంచీ, అంటే ఐదేళ్లుగా, ఇదే పని. గత వేసవి సెలవుల్లో అక్క పురిటికి అమ్మను వెంటబెట్టుకుని జపాన్ వెళ్లాను. బావ హమమత్సు అనే ఊళ్లో ఉద్యోగం చేస్తాడు. టోక్యోకీ ఒసాకాకీ మధ్యలో ఉంటుంది. సుజుకీ, యమహా కంపెనీలు పుట్టిన ఊరు అది. అమ్మ పచ్చళ్లు సర్దుకుంది, నేను ధైర్యం సర్దుకున్నాను. ఇంగ్లిష్ వచ్చు కదా, ఏ దేశమైతే ఏంటి అని.

ఆ ధైర్యం బుల్లెట్ రైలు దిగేదాకా బాగానే ఉంది. విమానాశ్రయంలో, రైల్లో అన్ని బోర్డులూ ఇంగ్లిష్‌లో కూడా ఉన్నాయి. అక్క వాళ్ల వీధిలోకి వచ్చాక ఒక్కటీ లేదు. షాపుల పేర్లు, బస్సు మీద ఊరి పేరు, పాల ప్యాకెట్ మీద తేదీ కింద రాసింది, ఏదీ చదవలేను. ఎప్పుడో మూడేళ్ల వయసులో వదిలేసిన స్థితి అది. అక్షరాలు కళ్ల ముందే ఉంటాయి, బొమ్మల్లా కనిపిస్తాయి అంతే.

రెండో రోజు సూపర్ మార్కెట్‌కు వెళ్లి పంచదార తెచ్చి టీ పెట్టాను. బావ ఒక గుక్క తాగాడు. మర్యాదకు రెండోది కూడా తాగాడు. నేను తెచ్చింది ఉప్పు. చెత్తబుట్టల దగ్గర బోర్డు మీద ఎ, బి, సి అక్షరాలు కనిపించేసరికి ప్రాణం లేచొచ్చినట్టయింది. దగ్గరికెళ్లి చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. పోర్చుగీసట. బ్రెజిల్ నుంచి వచ్చి అక్కడి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఆ ఊళ్లో వేలల్లో ఉంటారు. వాళ్లకోసం రాశారు. నాకోసం ఎవరూ రాయలేదు.

ఇవన్నీ నవ్వుకునే సంగతులు. ఇప్పుడు చెప్పబోయేది అలాంటిది కాదు.

ఒకరోజు చిన్న నూడుల్స్ హోటల్‌కు వెళ్లాం. బాత్రూమ్‌కు వెళ్తే పక్కపక్కనే రెండు తలుపులు. ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం. బొమ్మ లేదు, రంగు తేడా లేదు. ఏది ఆడవాళ్లదో తెలియదు. అడగడానికి మాట రాదు. లోపలి నుంచి ఎవరైనా బయటికొస్తే చూసి వెళ్దామని గోడకు ఆనుకుని, ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ నిలబడ్డాను. ఇరవై ఎనిమిదేళ్ల మనిషిని, డబుల్ డిగ్రీ ఉన్నదాన్ని.

అక్కడే ఆ పిల్లవాడు గుర్తొచ్చాడు. అంతకు ముందు జూన్‌లో పల్లెటూరి తెలుగు మీడియం నుంచి వచ్చి ఆరో తరగతిలో చేరాడు. మొదటి వారంలోనే క్లాసు మధ్యలో లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో నాకు తెలుసు. అయినా "ఇంగ్లిష్‌లో అడుగు, పంపిస్తా" అన్నాను. క్లాసంతా వాడి వైపే చూసింది. వాడు కూర్చున్నాడు. తర్వాత జరిగింది రాయను, వాడి పరువు వాడిది. రెండు రోజులు స్కూలుకు రాలేదని మాత్రం చెప్తాను. అప్పట్లో నేను దాన్ని క్రమశిక్షణ అనుకున్నాను.

మా అమ్మ సంగతి చెప్పాలి. ఏడో తరగతి దాకా చదివింది, ఇంగ్లిష్ రాదు. ఆవిడ మూడో రోజే కూరగాయల కొట్టుకు ఒంటరిగా వెళ్లి వంకాయలు తెచ్చింది. కొట్టావిడతో తెలుగులోనే మాట్లాడిందట, ఆవిడ జపనీస్‌లో బదులు చెప్పిందట, ఇద్దరూ వేళ్లు చూపించుకున్నారట. "నీకు భయం వేయలేదా అమ్మా?" అన్నాను.

"నాకిది కొత్తేం కాదమ్మాయ్. బ్యాంకులో ఫారాలు ఇలాగే ఉంటాయి. మీ స్కూల్లో మీటింగులకు వచ్చినప్పుడు మీ టీచర్లు మాట్లాడేది ఇలాగే ఉండేది. తలూపి వచ్చేసేదాన్ని" అంది.

ఆవిడ ఏ నిష్ఠూరమూ లేకుండా, వంకాయలు తరుగుతూ అంది. నాకు మాత్రం మన పీటీఎంలు కళ్ల ముందు తిరిగాయి. "యువర్ చైల్డ్ ఈజ్ వెరీ గుడ్, బట్..." అని నేను గడగడా చెప్పుకుపోవడం, ఎదురుగా ఒక తల్లి తలూపడం. ఎంతమంది అలా వెళ్లిపోయారో! ఈ పత్రికలో ఇంగ్లిష్ పేజీలు తిప్పేసి నేరుగా ఇటు వచ్చేవాళ్లు ఉన్నారనీ నాకు తెలుసు.

పురిటింట్లో తీరిక దొరికినప్పుడు జపనీస్ అక్షరాలు మొదలుపెట్టాను. వాళ్ల పిల్లలు ప్రాథమిక బడి ఆరేళ్లలో నేర్చుకునే చైనా లిపి అక్షరాలే 1,026. వాటి జోలికి పోలేదు. హిరగానా అనే 46 అక్షరాల పట్టిక చూసి ఆశ్చర్యపోయాను. మొదటి వరుస అ, ఇ, ఉ, ఎ, ఒ. రెండోది క, కి, కు, కె, కొ. అచ్చం మన గుణింతం! తర్వాత స, త, న, హ, మ, య, ర, వ. సంస్కృత అక్షరాలు నేర్చిన బౌద్ధ భిక్షువుల వల్ల ఈ వరుస అక్కడికి చేరిందంటారు. వాక్యం కూడా మనలాగే క్రియతో ముగుస్తుంది. 'మిజు ఓ నోమిమసు' అంటే 'నీళ్లు తాగుతాను'. మాటకు మాట అదే వరుస. ఇంగ్లిష్‌లో అయితే తిరగేసుకోవాలి. పరాయి భాష దగ్గర నాకు ఆసరా అయింది నేను క్లాసులో వద్దనే తెలుగే.

ఇంగ్లిష్ వద్దని నేను అనడం లేదు. నా జీతమే దాని మీద వస్తోంది, మీరు ఫీజు కట్టేదీ దానికోసమే. కానీ కొందరు తల్లిదండ్రులు నాకు ఫోన్ చేసి, "క్లాసులో తెలుగు మాట్లాడితే ఫైన్ వేయండి మేడమ్" అంటారు. ఆ మాట మీద మీతో ఏకీభవించలేను. కొత్తగా వచ్చిన పిల్లవాడికి మన క్లాసు ఒక పరాయి దేశం. భాష రాకముందే భాష కోసం జరిమానా వేస్తే, వాడు నేర్చుకునేది నోరు మూసుకోవడమే.

ఈ జూన్ నుంచి నా క్లాసులో పద్ధతి మార్చాను. ముందు తెలుగులో అడగొచ్చు. అదే వాక్యం నేను ఇంగ్లిష్‌లో చెప్తాను, వాళ్లు మళ్లీ అని వెళ్తారు. బాత్రూమ్‌కు మాత్రం చెయ్యెత్తితే చాలు. గోల పెరిగింది, ఒప్పుకుంటాను. ఇద్దరు ముగ్గురు ఇంకా తెలుగు వదలడం లేదు. వాళ్ల గురించి నాకూ బెంగగానే ఉంది. కానీ సందేహాలు అడిగే చేతులు నిరుటికన్నా ఎక్కువ లేస్తున్నాయి. ఆ పిల్లవాడు ఇప్పుడు ఏడో తరగతి. వరండాలో ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ మేడమ్" అంటాడు. నేనే ముందు పలకరించడానికి ప్రయత్నిస్తున్నాను, వాడే గెలుస్తున్నాడు.

వచ్చే పీటీఎంలో నా టేబుల్ దగ్గర తెలుగులోనే మాట్లాడుకుందాం. డైరీలో రిమార్కులు కూడా తెలుగులోనే రాయండి, నేనూ తెలుగులోనే జవాబు రాస్తాను. ఒత్తులు తప్పు పోతే సర్దుకోండి, రాసి చాలా రోజులైంది.