బలపపు రాయి జాడలో

సహజమైన బలపపు ముక్కపై గోరుతో గీస్తే గీత పడుతుంది. వేళ్ళకు నున్నని తెల్లని పొడి అంటుతుంది. ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ మానంలో అన్నిటికంటె అడుగున, 1వ అంకె వద్ద ఉన్నది ఈ ఖనిజమే. శాస్త్రజ్ఞులు దీనికి టాల్క్ అని పేరు పెట్టారు. తెలుగువారు బలపమనే అన్నారు; పులుసు కాచుకొనే రాచిప్పలను ఈ జాతి మెత్తని రాతితోనే తొలిపించుకున్నారు. ఢిల్లీలోని జాతీయ మ్యూజియంలో భద్రపరచిన మొహెంజొదారో పశుపతి ముద్రిక కూడ బలపపు రాయే. మెత్తని రాతిపై బొమ్మ చెక్కి, ఆపైన నిప్పులో కాల్చి గట్టిపరచడం ఆనాటి పనివారి నేర్పు.

ఈ ముద్రిక ఉన్న నగరానికీ, బలపపు రాతికీ భూగర్భంలో మరొక చుట్టరికం కూడ ఉంది. రాష్ట్రపతి భవనం నిలిచిన రైసీనా గుట్ట, తుగ్లకాబాద్ కోటగోడలలోని బండలు క్వార్ట్‌జైట్ అనే కఠినశిలకు చెందినవి. ఆ శిలల వరుసకు భూవిజ్ఞానులు ఢిల్లీ పేరే పెట్టారు. ఆరావళీ కొండల వెంట నైరుతి దిశగా సాగిపోతే రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లా వస్తుంది. 1985 నాటి చట్టంతో రూపొందిన జాతీయ రాజధాని ప్రాంతంలో అల్వర్ కూడ చేరింది. ఢిల్లీ శిలావర్గపు అడుగు పొరలు ఇక్కడ నేలపైకి తేలాయి. స్థానిక గ్రామనామాన్ని బట్టి వాటిని రాయలో శిలలంటారు. వాటిలో డోలమైట్ జాతి చలువరాయి విస్తారంగా ఉంది. పొరుగున దౌసా జిల్లాలోని డగోటా పరిసరాలు బలపపు గనులకు చిరకాలంగా ప్రసిద్ధి పొందాయి.

చలువరాళ్ళన్నీ ఒకటి కావు. సున్నపురాయి భూమి లోతున వేడికీ ఒత్తిడికీ లోనై రూపాంతరం చెందితే చలువరాయి అవుతుంది. తాజ్‌మహల్‌కు రాయిని అందించిన మక్రానా గనులలోనిది ప్రధానంగా కాల్సైట్, అంటే కాల్షియం కార్బనేట్. కట్టడాల వారికి అంతకంటె మేలైన రాయి లేదు. బలపం వెదికేవారికి మాత్రం అక్కడ తిరగడం వృథాశ్రమ. కాల్షియంతోపాటు మెగ్నీషియం కూడ ఉన్న రాయి డోలమైట్. దాని పగుళ్ళలోకి సిలికాను మోసుకొని వేడినీరు చొరబడినప్పుడు మెగ్నీషియం ఆ సిలికాతోను, నీటితోను కూడి బలపంగా మారుతుంది. కాల్షియం కాల్సైట్‌గా మిగిలిపోతుంది. బొగ్గుపులుసు వాయువు వెలికిపోతుంది.

కనుక అన్వేషకుడు మొదట వెదికేది బలపాన్ని కాదు, అది పుట్టడానికి అనువైన తావును. చలువరాయి, క్వార్ట్‌జైట్ ఒకదానినొకటి తాకే సరిహద్దు, పొరలు తెగి జరిగిన భ్రంశరేఖ, కరిగిన శిలాద్రవం చొచ్చుకువచ్చి గడ్డకట్టిన నల్లని అడ్డుపట్టీ - ఇటువంటి చోట్లనే వేడినీటికి దారి దొరికి ఉంటుంది. అతని సంచిలో సుత్తితోపాటు పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం సీసా ఉంటుంది. రాతిపై ఒక చుక్క వేయగానే బుసబుస పొంగితే అది కాల్సైట్. పొంగక, కత్తితో గీకిన పొడిపై వేసినప్పుడు మాత్రమే మెల్లగా బుడగలు వస్తే డోలమైట్. బలపంపై ఆమ్లం ఊరకే జారిపోతుంది.

చిక్కేమంటే, మెత్తని రాయి కొండవాలుపై తలెత్తి నిలవదు. గాలివానలకు అరిగి మట్టిచాటున పడిపోతుంది. అందువల్ల వాగు ఇసుకలో మెరిసే తెల్లని పొరక ముక్కలను, రైతులు బావి తవ్వి గట్టున పోసిన రాళ్ళను అన్వేషకులు ఓపికతో పరిశీలిస్తారు. బావిగట్టు చూపే సాక్ష్యం ఒక్కొక్కప్పుడు పటాలు చూపని సంగతిని చెబుతుంది. జాడ దొరికిన తరువాత పొరల వరుసకు అడ్డంగా కందకాలు తవ్వుతారు. బలపం ఒకే మందంతో సాగదు. వేరుసెనగ కాయవలె ఒకచోట ఉబ్బి, మరొకచోట సన్నగిలి, ఉన్నట్టుండి మాయమవుతుంది. ఒక్క గుంతను చూచి నిల్వలను లెక్కగట్టడం తొందరపాటు. లోతు తెలియడానికి రంధ్రాలు వేసి, రాతి కడ్డీలను పైకి తీస్తారు. గట్టిరాళ్ళ నడుమ మెత్తని బలపం నలిగి, యంత్రానికి పోసే నీటిలో కొట్టుకుపోతుంది. పెట్టెలో పేర్చిన కడ్డీల నడుమ ఖాళీ మాత్రమే మిగులుతుంది. అనుభవం లేనివాడు అక్కడ ఏమీ లేదని వ్రాసుకుంటాడు. అనుభవజ్ఞుడు రంధ్రం నుంచి తిరిగివచ్చే నీరు తెల్లబడిన లోతును గుర్తుపెట్టుకొని, ఆ బురదను కూడ పరీక్షకు పంపుతాడు.

తెల్లదనం ఒక్కటే చాలదు. వేడి మరింత పెరిగిన చోట బలపానికి బదులు ట్రెమొలైట్ ఏర్పడుతుంది. దానిలో నారవంటి రకం ఆస్బెస్టాస్ జాతిది. ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. కాగితం, రంగులు, పింగాణీ, ముఖానికి అద్దుకొనే పౌడరు వంటివన్నీ ఈ ఖనిజాన్ని కోరేవే కనుక నమూనాను సూక్ష్మదర్శినితోను, ఎక్స్‌రేలతోను పరీక్షించక తప్పదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2024లో టాల్క్‌నే క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల వర్గంలో చేర్చింది.

అల్వర్‌లో మరొక సంగతి కూడ ఉంది. ఈ కొండలలోనే 1978లో ప్రాజెక్ట్ టైగర్ కింద చేరిన సరిస్కా అభయారణ్యం ఉంది. గనుల తవ్వకం వల్ల అడవి, భూగర్భజలం నశిస్తున్నవని తరుణ్ భారత్ సంఘ్ అనే అల్వర్ సంస్థ 1991లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది. జోహడ్లనే చెరువులలో నీరు నిలవక గనిగుంతలవైపు ఇంకిపోతున్నదని ఆ సంస్థ చెబుతూ వచ్చింది. న్యాయమూర్తి ఎం.ఎల్.జైన్ నాయకత్వాన నియమితమైన సంఘం 215 గనులు పూర్తిగాను, 47 గనులు కొంతమేరకును రక్షితారణ్యంలో ఉన్నట్లు తేల్చింది. 1993 ఏప్రిల్‌లో న్యాయస్థానం రక్షితారణ్యంలో తవ్వకాన్ని నిలిపివేసింది. గనులలో రోజుకూలి చేసుకొనే వారికి అది పనిపోయిన రోజు కూడ. అంతకు ముందే, 1992 మే 7న వెలువడిన కేంద్రప్రభుత్వ ప్రకటన అల్వర్, గుర్గాఁవ్ జిల్లాల ఆరావళీ ప్రాంతాలలో గనులకు ముందస్తు అనుమతిని తప్పనిసరి చేసింది.

అప్పటినుంచి ఇక్కడ బలపం వెదికేవారు శిలల పటంతోపాటు అడవి హద్దుల పటాన్ని కూడ పరచుకొని కూర్చోవలసి వస్తున్నది. చలువరాతి పట్టీ ఆ హద్దును దాటి లోపలికి సాగిన చోట పెన్సిల్ గీత ఆగిపోతుంది. ఆమ్లం సీసా తెరిచేది ఆ తరువాతనే.