పరిచర్య ఎవరిది, పెత్తనం ఎవరిది?

నాయకత్వ శిక్షణల హోరు ఈమధ్య మన చర్చిలకూ పాకింది. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం - ఏ ఊరికి పోయినా గోడ మీద ఒక పోస్టరు కనిపిస్తుంది. సేవకుల సదస్సు, మూడు రోజులు, భోజన వసతి కలదు. వేదిక మీద ఫొటోలన్నీ మగవాళ్ళవే. చెప్పే పాఠం సమర్థుడైన ఆత్మీయ నాయకుడి లక్షణాల గురించి. దర్శనం ఉండాలట, అభిషేకం ఉండాలట, మాటలో అధికారం ఉండాలట, ఇల్లాలినీ పిల్లల్నీ అదుపులో పెట్టుకోగలగాలట. ఆ మూడు రోజులూ డేరా వెనక పొయ్యి రాజేసేది, వడ్డించేది, ఎంగిలాకులు ఎత్తేది స్త్రీల సమాజం సభ్యులు. పరిచర్య అంటే ఏమిటో కళ్ళారా చూడాలంటే వేదిక ముందు కాదు, డేరా వెనక్కి వెళ్ళి చూడాలి.

తెలుగు క్రైస్తవుల వాడుకలో పాస్టరు చేసే పని పరిచర్య. పాస్టరు సేవకుడు. నిజానికి ఈ రెండు మాటలూ ఇంట్లో ఆడవాళ్ళు చేసే చాకిరీకి పేర్లు. రోగికి పరిచర్య, అత్తమామలకు సేవ. మగవాడి చేతికి వచ్చేసరికి వాటికి దండలు, శాలువాలు, నడుమ వేసిన పెద్ద కుర్చీ తోడయ్యాయి. సేవకుడు దైవజనుడయ్యాడు. అదే పని చేసే స్త్రీకి దక్కింది ‘పాస్టరమ్మ’ అన్న పిలుపు. అది ఆమె పనికి వచ్చిన పేరు కాదు, భర్త పదవి నుంచి రాలిన పేరు. ఆయన పోతే పదవీ పోతుంది, సంఘం ఇచ్చిన ఇల్లూ పోతుంది. ఈ వ్యాసం వాదించేది ఒక్కటే. ఆత్మీయ నాయకత్వానికి కావలసిన గుణాలు మన సంఘాల్లో కొరవడలేదు. నూటయాభై ఏళ్ళుగా అవి స్త్రీలు జీతం లేకుండా, పేరు లేకుండా చేస్తున్న పనిలోనే ఉన్నాయి. కొరవడింది ఆ పనిని నాయకత్వమని ఒప్పుకునే నిజాయితీ.

ఇది చర్చి గొడవ, మనకెందుకని స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే మిత్రులు అనుకోవచ్చు. పశ్చిమ ప్రకాశం పల్లెల్లో తిరిగినవాళ్ళు మాత్రం అలా అనలేరు. వాన నమ్మకం లేని, బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉన్న, మిరప కోతల కాలానికి ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు వలసపోయే పల్లెలివి. మాదిగపల్లెలో, మాలపల్లెలో నలుగురూ కూర్చోగలిగే ఉమ్మడి చోటు చాలా ఊళ్ళలో చర్చి ఒక్కటే. మనం పెట్టే మీటింగులు కూడా అక్కడే జరుగుతాయి. తన్నులు తిన్న ఆడది పోలీసు స్టేషనుకో మన ఆఫీసుకో రాకముందు తొక్కే గడప పాస్టరుగారిదే. ఆ గడప దగ్గర ఆమెకు ఏ జవాబు దొరుకుతుందన్నదాన్ని బట్టే తర్వాత కథంతా నడుస్తుంది. కాబట్టి ఆ గడపలో ఎవరు కూర్చోవాలన్నది స్త్రీల హక్కుల ప్రశ్నే.

చరిత్రలో మిగిలినవాళ్ళు, మిగలనివాళ్ళు

ఈ ప్రాంతంలో క్రైస్తవ చరిత్ర చెప్పేవాళ్ళు జాన్ క్లఫ్ దొరతో మొదలుపెడతారు. 1876-78 కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. కంభం చెరువును నింపే గుండ్లకమ్మే దిగువన ఒంగోలు సమీపానికి చేరాక, వెల్లంపల్లి దగ్గర 1878 జూలై 3న ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో నిలబడి బాప్తిస్మం ఇచ్చిన బోధకులందరూ పురుషులే. ఆ అంకె ప్రతి సంఘ చరిత్రలోనూ ఉంటుంది.

కానీ క్లఫ్ ఒంగోలులో స్థిరపడకముందే, ఒంగోలుకు పడమరగా సుమారు నలభై మైళ్ళ దూరంలోని తాళ్ళకొండపాడులో యర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ ఉన్నారు. మాదిగ దంపతులు. 1866లో ఇద్దరూ క్రైస్తవులయ్యారు. పేరయ్య పేరు సంఘ చరిత్రలో నిలిచింది. నాగమ్మ ‘పేరయ్య భార్య’గా మిగిలింది. మగవాళ్ళు బోధించడానికి పల్లె మధ్య వేపచెట్టు కిందికి చేరితే, స్త్రీల దగ్గరకు గుడిసె లోపలికి వెళ్ళవలసింది స్త్రీయే కదా! గుడిసె లోపలికి చేరని మతం పల్లెలో నిలబడగలిగేదా?

పేరయ్య క్రైస్తవుడు కాకముందు రాజయోగ సాధకుడు. ఆనాటి మాదిగపల్లెలకు రాజయోగం చెప్పిన గురువుల్లో వీరమ్మ అనే స్త్రీ కూడా ఉంది. ఈ సంగతి మనకు అందించింది క్లఫ్ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్, 1899లో మాదిగల సంప్రదాయాల మీద అచ్చువేసిన ‘వైల్ సూయింగ్ శాండల్స్’ అనే పుస్తకంలో. అంతకు ఒక్క ఏడాది ముందు, స్త్రీల హక్కుల కోసం కలం పట్టిన మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ మీద ఆమె ఒక అధ్యయనం ప్రచురించింది. అలాంటి మనిషి కాబట్టే ఆమె కంటికి వీరమ్మ కనిపించింది. గమనించవలసింది ఏమిటంటే, స్త్రీని గురువుగా అంగీకరించడం మన పల్లెలకు పరాయి సంగతి కాదు. ఆడవాళ్ళ నాయకత్వాన్ని మన సంస్కృతి ఒప్పుకోదనే పెద్దమనుషులు ఏ సంస్కృతి గురించి మాట్లాడుతున్నారు? వీరమ్మ ముందు కూర్చుని విన్న మాదిగల సంస్కృతి గురించి మాత్రం కాదు.

మిషన్ కాలంలో బైబిల్ ఉమన్ అనే ఉద్యోగం వచ్చింది. బాప్టిస్టులు పనిచేసిన కంభం, మార్కాపురం వైపైనా, ఎస్.పి.జి. మిషన్ పనిచేసిన గిద్దలూరు వైపైనా ఇదే తీరు. ఆమె ఊరూరూ తిరుగుతుంది, చదువు చెబుతుంది, పురుడు దగ్గర కూర్చుంటుంది, చావు దగ్గర పాట ఎత్తుకుంటుంది. దోర్నకల్ బిషప్ అజరయ్య పల్లె ఉపదేశకుల భార్యలకు కూడా శిక్షణ ఇప్పించేవారు. అంటే పని ఇద్దరిదని వాళ్ళకు తెలుసు. హోదా మాత్రం ఒక్కడికే ఇచ్చారు.

గుణాలు ఎక్కడున్నాయి?

సదస్సుల్లో చెప్పే లక్షణాల జాబితాను పక్కన పెట్టి, పల్లెలో మనుషులు నిజంగా ఎవరి వెనక నడుస్తారో చూద్దాం. అప్పటి ప్రకాశం జిల్లా తూర్పు అంచున కారంచేడులో 1985 జూలై 16న, తాము తాగే నీళ్ళను పాడుచేయవద్దన్నందుకు అగ్రకులం వాళ్ళు ఒక దళిత కుర్రవాణ్ణి కొడుతుంటే, నీళ్ళకు వచ్చిన మున్నంగి సువార్తమ్మ చేతిలో ఉన్న బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మర్నాడు ఊళ్ళో దళితుల్ని వేటాడారు, ఆరుగురిని చంపారు. దళిత ఉద్యమం దిశను మార్చిన ఆ ఘటనలో మొదట లేచిన చెయ్యి సువార్తమ్మది. సువార్త అంటే మంచి వార్త. ఆ పేరు పెట్టుకున్న స్త్రీ చేసిన పనిలో ఆత్మీయత లేదనగల దైవజనుడెవరు?

పొరుగు జిల్లా నెల్లూరులో దూబగుంట రోశమ్మ, ఆమెతో లేచిన స్త్రీలు సారా దుకాణం మూయించారు. అక్షర దీపం పట్టుకుని మొదలై, 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం దాకా తెచ్చారు. వాళ్ళెవరూ నాయకత్వ శిక్షణ పొందలేదు. తాగుడు పాపమని వేదికల మీద దశాబ్దాలుగా చెప్పిన బోధకులు చేయలేని పని వాళ్ళు చేశారు. కారణం సులువు. బోధకుడికి తాగుడు పాపం. ఆ స్త్రీలకు అది ఇంట్లో పొయ్యి వెలగకపోవడం.

ఈ ఇద్దరినీ చూస్తే నాయకత్వ గుణాలు తేటపడతాయి. దెబ్బ తిన్నవాళ్ళ పక్క నిలబడటం. బలవంతుడి ముఖం మీద మాట అనగలగడం. తన ఒక్కరి పేరు కోసం కాక పదిమందితో కలిసి కదలడం. వీటికి నేను ఇంకో రెండు చేరుస్తాను. సొమ్ముకు లెక్క చెప్పడం. చెవిలో పడిన కష్టాన్ని ప్రసంగంలో ఉదాహరణగా వాడుకోకుండా కడుపులో దాచుకోవడం. శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వచ్చే స్త్రీలలో ఈ గుణాలున్నవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఇద్దరు ముగ్గురైనా ఉంటారు.

గడప దగ్గర పరీక్ష

నాయకుడికి అసలు పరీక్ష ప్రసంగ పీఠం మీద జరగదు. రాత్రి పదింటికి పిల్లను చంకనేసుకుని వచ్చిన స్త్రీ ముందు జరుగుతుంది. ఆమెకు ఇప్పటికీ ఎక్కువగా దొరికే జవాబు ఏమిటి? ప్రార్థన చేద్దామమ్మా, ఓర్చుకో, లోబడి ఉండు, క్రైస్తవులకు విడాకులు లేవు. ఈ చివరి మాట పచ్చి అబద్ధం. 1869 నాటి విడాకుల చట్టం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలునంది. భార్య మాత్రం వ్యభిచారంతో పాటు క్రూరత్వాన్నో, రెండేళ్ళు వదిలేయడాన్నో కూడా రుజువు చేయాలంది. ఆ అన్యాయం పోవడానికి 132 ఏళ్ళు పట్టింది. 2001 సవరణతో క్రూరత్వం ఒక్కటైనా, రెండేళ్ళు వదిలేయడం ఒక్కటైనా చాలు. పరస్పర అంగీకారంతో విడిపోయే వీలూ వచ్చింది. 2005 గృహహింస చట్టం ఏ మతం స్త్రీకైనా వర్తిస్తుంది. ఇవి తెలియని మనిషి కాపరి ఎలా అవుతాడు? తెలిసీ చెప్పనివాడు ఎవరి కాపరి?

కట్నం సంగతి కూడా అంతే. కట్న నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. పెళ్ళికి లైసెన్సు ఉన్న పాస్టరు బైబిలు మీద చెయ్యి పెట్టించి ప్రమాణాలు చేయిస్తాడు. ముందురోజు రాత్రి చేతులు మారిన సొమ్ము సంగతి ఆయనకు తెలియదా?

డబ్బు దగ్గరకు వద్దాం. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టింది ఎవరు? ఆ పిడికెళ్ళతోనే మన చర్చిలు బతికాయి. పలకల పరిశ్రమలో దుమ్ము పీల్చి తెచ్చిన కూలిలోంచి, మిరప కోత కూలిలోంచి దశమభాగం ఇచ్చేదీ ఆ స్త్రీలే. లెక్కలు చూసే కమిటీలో మాత్రం వాళ్ళు ఉండరు, ఉన్నా సంతకానికే. స్వతంత్ర సంఘాల్లో అయితే ట్రస్టు పాస్టరుగారి కుటుంబం పేరునే ఉంటుంది, తండ్రి తర్వాత కొడుకు వస్తాడు. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చినప్పుడు, సంఘంలో సగం పని మోసే పాస్టరమ్మ పేరు ఏ జాబితాలోకి ఎక్కింది?

కొన్ని అభ్యంతరాలు

వాక్యం ఒప్పుకోదంటారు. తిమోతికి రాసిన పత్రికలో స్త్రీ మౌనంగా ఉండాలన్న మాట చూపిస్తారు. అదే పౌలు రోమా పత్రిక 16వ అధ్యాయంలో కెంక్రేయ సంఘపు ఫీబేను పరిచారకురాలని పరిచయం చేశాడు, ప్రిస్కిల్లను తన జతపనివారిలో లెక్కపెట్టాడు. పునరుత్థాన వార్తను మొదట మోసుకెళ్ళింది మగ్దలేనే మరియ. మౌనం వచనం కంఠతా పట్టినవాళ్ళు ఈ అధ్యాయాల దగ్గర ఎందుకు పేజీ తిప్పేస్తారు?

ఇంకొందరు, దళితుల సంఘాన్ని మనమే బజారుకీడిస్తే మతోన్మాదులకు ఆయుధం ఇచ్చినట్టు కాదా అంటారు. ఇది తేలిగ్గా తోసేయదగ్గ మాట కాదు. మాదిగపల్లెలో పుట్టిన మగవాడు తల ఎత్తుకుని నిలబడగలిగిన మొదటి ఉద్యోగాల్లో ఉపదేశకుడి ఉద్యోగం ఒకటి. అగ్రకుల స్త్రీల వెటకారం అతని మీద మనకు వద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మతం మారిన దళితుడికి షెడ్యూల్డు కులం హోదా నిరాకరించింది. తర్వాత సిక్కులకు, బౌద్ధులకు సడలించినా క్రైస్తవులకు సడలించలేదు. ఆ అన్యాయం మీద మనం కలిసే పోరాడాలి. కానీ ఆ పోరాటంలో దళిత స్త్రీ నోరు మూసుకోవాలన్న షరతు ఎవరు పెట్టారు? 1995లో రూత్ మనోరమ తదితరులు దళిత స్త్రీల జాతీయ సమాఖ్యను నిర్మించింది ఈ షరతును ఒప్పుకోకనే.

ఒక స్త్రీని బిషప్పును చేశాం కదా అని మూడోమాట. నిజమే. 2013 సెప్టెంబరు 30న ఎగ్గోని పుష్పలలిత నంద్యాల బిషప్పుగా అభిషేకం పొందారు. దక్షిణ ఇండియా సంఘంలో తొలి మహిళా బిషప్పు. గిద్దలూరు ప్రాంతం ఆ డయోసిస్‌లోదే. మన గడ్డ మీద జరిగిన ఈ మార్పు చిన్నది కాదు. కానీ 1947లో ఏర్పడిన సంఘానికి అది చేయడానికి 66 ఏళ్ళు పట్టింది. పైన ఒక కుర్చీ మారినంత మాత్రాన కింద పాస్టరేట్ కమిటీలో లెక్కల పుస్తకం చేతులు మారదు. బాప్టిస్టు సంఘాల్లో బిషప్పే లేడు. కాపరిని సంఘమే ఎన్నుకుంటుంది. అక్కడ అడ్డు పడేది ఎక్కడో ఉన్న పై అధికారి కాదు, మన పక్క బల్ల మీద కూర్చునే పెద్దలే.

కాబట్టి స్త్రీలకు నాయకత్వ లక్షణాలు నేర్పే సదస్సులు ఇక చాలు. బైబిల్ ఉమన్‌కు, పనిచేసే పాస్టరమ్మకు సొంత పేరున జీతం, వృద్ధాప్యానికి భద్రత కావాలి. సంఘ కమిటీల్లో సగం స్థానాలు, లెక్కల పుస్తకం మీద చదివి పెట్టే సంతకం కావాలి. అర్హత ఉన్న స్త్రీకి అభిషేకం కావాలి. 2013 లైంగిక వేధింపుల చట్టం జీతం లేకుండా పనిచేసే స్త్రీని కూడా ఉద్యోగిగానే చూస్తుంది. పదిమంది పనిచేసే ప్రతి చర్చి, సంస్థ ఫిర్యాదుల కమిటీ వేయాలి. అంతకన్నా చిన్న సంఘంలో స్త్రీకి జిల్లా స్థానిక కమిటీ ఉందని చెప్పడం మన బాధ్యత. ఇంటి హింసను పెద్దలు గదిలో మాట్లాడి మూసిపెట్టడం ఆగాలి.

మన వంతు పని కూడా ఉంది. పల్లెలో మీటింగు పెట్టుకోవడానికి తాళం చెవి అడిగేటప్పుడు పాస్టరుగారితో మాత్రమే మాట్లాడి వచ్చే అలవాటు మనకూ ఉంది. వచ్చే నెల వెళ్ళినప్పుడు స్త్రీల సమాజాన్ని పిలిచి ఒక్క ప్రశ్న అడుగుదాం: పిడికెడు బియ్యం లెక్క ఎవరి దగ్గర ఉంది? జవాబు దొరికేదాకా అక్కడే కూర్చుందాం.